గోల్కొండ చప్పట్లు, లాల్‌దర్వాజ డప్పులు

గోల్కొండ కోటకు వెళ్లి ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొట్టకుండా వచ్చేవాళ్లు అరుదు. దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీది బాలా హిస్సార్‌లో ఉన్నవాళ్లకు ఆ చప్పుడు వినిపిస్తుంది. దాన్ని ప్రతిధ్వని అనేస్తాం గానీ, కాదు. ప్రతిధ్వని కొట్టినవాడి దగ్గరికే తిరిగి రావాలి. ఇది పైకి పోతుంది, అంతే. ఆరుబయట శబ్దం నలుదిక్కులా చెదిరిపోతుంది, దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. గుమ్మటం లోపలి వంపు అలా చెదిరిపోయేదాన్ని కొంత కూడగట్టి పంపుతుంది. శత్రువు వస్తే పైవాళ్లను హెచ్చరించే ఏర్పాటని గైడ్లు చెబుతారు. ఒట్టి చప్పట్లు విని వచ్చింది శత్రువో చుట్టమో పైవాళ్లు ఎలా పోల్చుకునేవారో మాత్రం చెప్పరు.

ఆ చప్పట్లు మే నెలలో ఇంకాస్త ముందే కొండెక్కుతాయి. 15 డిగ్రీల చలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే, 42 డిగ్రీల ఎండలో 356 మీటర్లు పోతుంది. కిలోమీటరుకు సెకనులో ఎనిమిదో వంతు ఆదా. మెట్లెక్కే మనకు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది.

లాడ్ బజార్‌లో ఎంత అరిచినా ప్రతిధ్వని రాదు. సెకనులో పదో వంతు కన్నా ముందే తిరిగొచ్చిన శబ్దాన్ని చెవి అసలు శబ్దంలోనే కలిపేసుకుంటుంది. విడిగా వినపడాలంటే గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి. ఆ ఇరుకులో అంత చోటేదీ? అందుకే అక్కడ ప్రతి కేకా ఇంకాస్త గట్టిగా తోస్తుంది. అదే బజారులో గాజు గాజులు గలగలమంటాయి, లక్క గాజులు టకటకతో సరిపెడతాయి. మెత్తని లక్క కంపనాన్ని పుట్టిన చోటే మింగేస్తుంది.

ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాల ఊరేగింపు ఇంకా మలుపు తిరగకముందే గల్లీలోకి వచ్చేది డప్పుల దడదడే. సెకనుకు 60 సార్లు కంపించే మంద్రధ్వని తరంగం పొడవు ఆరు మీటర్లకు కాస్త తక్కువ. ఇంటి మూల దానికి అడ్డే కాదు, చుట్టూ వంగి వచ్చేస్తుంది. 4000 సార్లు కంపించే కీచుధ్వని తరంగం జానెడు కూడా ఉండదు, గోడ దగ్గరే ఆగిపోతుంది. అందుకే పాట మాటలు తెలియవు, దరువు తెలుస్తుంది. వాయించే ముందు డప్పును మంట మీద కాచడం కూడా భౌతికశాస్త్రమే. వానాకాలపు చెమ్మకు తోలు వదులై స్వరం దిగిపోతుంది. సెగకు చెమ్మ ఆరి తోలు బిగుస్తుంది, బిగువు పెరిగితే కంపనాల వేగమూ పెరుగుతుంది.

డప్పుకు దరువుంది గానీ తబలాకున్న శ్రుతి లేదు. ఒట్టి తోలు పుట్టించే ఉపస్వరాలు మూలస్వరానికి సరిగ్గా రెండింతలు, మూడింతలుగా కుదరవు. తబలా, మృదంగాల మీది నల్లటి పూత బరువు వాటిని ఆ వరసలోకి తెస్తుంది. 1920లో ఈ సంగతిని లోకానికి చెప్పింది సి.వి. రామన్. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది మన విశాఖపట్నంలోనే. తర్వాత వంపు గోడల వెంట గుసగుసలు పాకే తీరునూ పరిశోధించారు. ఆయనకు నోబెల్ తెచ్చింది వెలుగు కాబట్టి, శబ్దం మీద చేసిన పని మనకు పెద్దగా గుర్తుండదు.

తెల్లవారుజామున మక్కా మసీదు అజాన్ పగటికంటే దూరం వినిపించడానికి వాహనాలు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. శబ్దం చల్లని గాలి వైపు వంగుతుంది. పగలు నేల కాగి ఉంటుంది గనుక పైకి వంగిపోతుంది. గాలి లేని తెల్లవారుజామున నేలను అంటిన గాలే చల్లగా ఉంటుంది, శబ్దం ఇళ్ల మీదికి దిగుతుంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ గడియారం నుంచి బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టే వేడుకకు మధ్యాహ్నం 12కు జనం కిక్కిరిసి ఉంటారు. దెబ్బలు ఎక్కువ పడేదీ అప్పుడే. మోత బాగా నిలవాలంటే మాత్రం అది సరైన వేళ కాదు. మనుషులూ వాళ్ల బట్టలూ శబ్దాన్ని పీల్చేస్తాయి. ఖాళీ ఇంట్లో మాట మోగడం, సామాను సర్దగానే అణగడం అందరికీ తెలిసిందే. జనం పలచగా ఉన్న గంటలో వెళితే దెబ్బలు తక్కువే, కానీ ఒక్కో దెబ్బ మోతా ఎక్కువసేపు వినొచ్చు.