201వ యూనిట్ ఖరీదు

తెలంగాణలో నెలకు 200 యూనిట్లు వాడిన ఇంటికి, మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు పడుతుంది. ఇంకొక్క యూనిట్ కాలిందా, మొదటి 200కీ రేటు 5.10 అవుతుంది, ఆ పై యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70. 2022 ఏప్రిల్ నాటి స్లాబుల లెక్క ఇది, స్థిర చార్జీలు అదనం. 400 దాటితే యూనిట్ 9.50. రెండు ఏసీలు నడిచే గచ్చిబౌలి, కొండాపూర్ ఫ్లాట్లు వేసవిలో అక్కడికి తేలిగ్గా చేరతాయి. అందుకే అయిదు నక్షత్రాల ఏసీ కొనే ముందు, ఉన్న ఇల్లు ఎక్కడ ఎంత తాగుతోందో కొలవాలంటాను. ఎనర్జీ ఆడిట్ అంటే అదే.

మీటరుతో మొదలుపెట్టండి. అపార్టుమెంట్లలో మీటర్లన్నీ కింద ప్యానెల్ బోర్డులో వరసగా ఉంటాయి. ఫ్రిజ్, ఏసీ, ఫ్యాన్లు, లైట్లు ఆపి, మిగతావి రాత్రి ఎలా వదిలేస్తారో అలాగే వదిలేసి, మీటరు మీద మిణుకుమనే ఎర్రలైటును లెక్కపెట్టండి. యూనిట్‌కు అది ఎన్నిసార్లు వెలుగుతుందో మీటరు మీదే అచ్చేసి ఉంటుంది. 3,200 అనుకుందాం. నిమిషానికి నాలుగుసార్లు వెలిగితే గంటకు 240, అంటే 75 వాట్లు. రిమోట్‌తో ఆపిన టీవీ, సెట్‌టాప్ బాక్సు, రౌటరు, ఇన్వర్టరు కలిసి ఎవరికీ ఉపయోగపడకుండా నెలకు 54 యూనిట్లు లాగేస్తున్నాయన్నమాట. పాత సీలింగ్ ఫ్యాను కూడా 75 వాట్లే. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యానుకు 30 చాలు. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఏసీని ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో (బీఈఈ) చెబుతోంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంట్లోకి వచ్చే వేడి. ఏసీ చేసే పని ఆ వేడిని బయటికి తోడెయ్యడమే. మే రెండో వారంలో సూర్యుడు హైదరాబాద్‌కు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండంతా స్లాబు మీదే. కాంక్రీటు పగలంతా వేడిని పీల్చుకుని, మనం పడుకునే వేళకు లోపలికి వదులుతుంది. రాత్రి తొమ్మిదింటికి పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి, తెలుస్తుంది. అద్దాల సంగతి వేరు. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక కర్టెన్ వేసినా వేడి గదిలోనే ఉండిపోతుంది. తెర కట్టాల్సింది బయట, బాల్కనీకి.

ఇక కప్పు వేడి సంగతికొస్తే, హైటెక్ సిటీ పక్కనే దానికి చక్కటి పాఠం ఉంది. 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ–సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్, హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్‌ను అమెరికా బయట పొందిన తొలి భవనం. దాని కప్పు మీద చాలామేర పచ్చికే. మనకు అంత అక్కర్లేదు, తెల్లరంగు చాలు. హైదరాబాద్‌లో వాణిజ్య భవనాల మీద జరిపి 2012లో ప్రచురించిన పరిశోధనలో, కాంక్రీటు కప్పుకు తెలుపు వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13–14 యూనిట్లు మిగిలాయి. అది ఆఫీసుల లెక్క, ఇంటికి అంత రాదు. అదే నగరంలో ఏసీలే లేని దేవరకొండ బస్తీలో 2017లో 25 ఇళ్లకు ఎండను తిప్పికొట్టే చల్లని కప్పు (కూల్ రూఫ్) వేస్తే గదిలో సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఆ ఇళ్లవాళ్లకు బిల్లు కంటే నిద్ర ముఖ్యం.

2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. పాత అపార్టుమెంట్లలో చిక్కు వేరు. టెర్రస్ అందరిదీ, వేడి పైఅంతస్తువాళ్లది. అసోసియేషన్ మీటింగుకు వాళ్లు రెండు మూడు వేసవుల బిల్లులు పట్టుకెళ్లి, కింది ఫ్లాట్ల బిల్లుల పక్కన పెట్టి చూపించాలి.