ప్లేట్‌లెట్ల ప్యాకెట్‌ను ఐసులో పెట్టొద్దు

వానలు పడి దోమలు ముసిరే రోజుల్లో తిరుపతిలో రుయా, స్విమ్స్‌కు, చిత్తూరు వైపు వాళ్లయితే వేలూరు సీఎంసీకి జ్వరం పట్టినవాళ్లను తీసుకుని కుటుంబాలు పరుగెత్తడం మామూలే. డెంగీ అని తేలగానే ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: కౌంట్ ఎంతకు పడింది? ఆ వెంటనే వాట్సాప్ గ్రూపుల్లో ప్లేట్‌లెట్లు కావాలంటూ మెసేజ్‌లు మొదలవుతాయి. ఎంతో తిరిగి సంపాదించిన ఆ ప్యాకెట్‌ను మరో ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే కొందరు ఐసు పెట్టెలో పెట్టేస్తారు. రక్తం కదా, చల్లగా ఉంటేనే పాడవదని వాళ్ల లెక్క. ఎర్రరక్తానికి ఆ లెక్క సరిపోతుంది. ప్లేట్‌లెట్లకు మాత్రం పూర్తిగా రివర్స్.

ఎర్రకణాల సంచిని 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో ఉంచితే నెలకు పైగా పనికొస్తుంది. ప్లేట్‌లెట్లను ఉంచాల్సింది 20 నుంచి 24 డిగ్రీల మధ్య, అంటే ఏసీ గది వేడిమిలో. నిలవ ఉండేది 5 రోజులే. అదీ ఊరికే షెల్ఫులో పెడితే కుదరదు, రాత్రింబవళ్లు మెల్లగా ఊగే యంత్రం మీద ఉంచాలి. సంచి ఊగుతుంటేనే ప్లాస్టిక్ గుండా గాలి ఆడుతుంది. లేకుంటే లోపల ఆమ్లం పెరిగి కణాలు దెబ్బతింటాయి. ప్రయాణంలో కొన్ని గంటలు ఊగకపోయినా ఫర్వాలేదు.

చలి తగిలితే ఏమవుతుంది? మామూలుగా ప్లేట్‌లెట్ చిన్న బిళ్లలా పలచగా ఉంటుంది. బాగా చల్లబడితే ఉండలా మారి, ముళ్లు లేచినట్టు అవుతుంది. దాని పైపొర కూడా మారిపోతుంది. అలాంటి కణాలను ఒంట్లోకి ఎక్కిస్తే కాలేయం వాటిని పాడైన సరుకు అనుకుని త్వరగా ఏరిపారేస్తుంది. రోజుల తరబడి రక్తంలో తిరగాల్సినవి ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు మాయమవుతాయి. మళ్లీ వెచ్చబెట్టినా లాభం లేదు. బ్లడ్ బ్యాంకు సిబ్బంది సంచిని వెలుతురుకు పెట్టి మెల్లగా తిప్పి చూడటం చాలామంది గమనించే ఉంటారు. లోపల మెరుపు సుడులు తిరిగితే కణాలు బిళ్లల్లాగే ఉన్నట్టు. చలికి పాడైన సంచిలో ఆ మెరుపు కనిపించదు.

ఒకప్పుడు వీటినీ ఫ్రిజ్‌లోనే పెట్టేవారు. 1969లో అమెరికా వైద్యులు మర్ఫీ, గార్డ్‌నర్ 22 డిగ్రీల్లో ఉంచినవే ఒంట్లో ఎక్కువకాలం నిలుస్తాయని చూపించాక పద్ధతి మారింది. దీనికీ ఓ చిక్కు ఉంది. ఆ వేడిమి బ్యాక్టీరియాకూ అనుకూలమే. గడువు 5 రోజులే ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

చల్లటి ప్లేట్‌లెట్లు బొత్తిగా పనికిరావని మాత్రం కాదు. అవి త్వరగా అతుక్కుని రక్తాన్ని గడ్డ కట్టిస్తాయి. అందుకే ధారగా రక్తం కారుతున్న రోగికి, మామూలువి దొరకని పరిస్థితిలో, 14 రోజుల వరకు చల్లగా నిలవ ఉంచినవి వాడొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2023లో అనుమతించింది. ప్రమాదాల్లో, యుద్ధరంగంలో అది వరం. కానీ కీమో తీసుకునే క్యాన్సర్ రోగికి కావాల్సింది కొన్ని రోజుల పాటు రక్తంలో నిలిచే కణాలు. పైగా అనుమతి పొందిన ఆ పద్ధతిలో చల్లదనం కొలత ప్రకారం ఉంటుంది. బజారులో కొన్న ఐసుగడ్డకు కొలత ఎక్కడిది?

కాబట్టి ప్యాకెట్ మోసేటప్పుడు ఐసు లేని పెట్టెలోనో, మందపాటి గుడ్డసంచిలోనో పెట్టుకుని నేరుగా వార్డుకు చేర్చాలి. చిత్తూరు, తిరుపతి మధ్య దాదాపు 70 కిలోమీటర్లు. మధ్యలో పని చూసుకుందామని ఎండలో ఆపిన కారులో వదిలేయడమూ ఐసంత చేటే. ఎర్రరక్తం, ప్లేట్‌లెట్లు రెండూ తెస్తుంటే వేర్వేరు పెట్టెలుండాలి. వార్డులో ఆలస్యమవుతుందంటే ఫ్రిజ్‌లో పెట్టమని అడగొద్దు, తిరిగి బ్లడ్ బ్యాంకుకే ఫోన్ చేయాలి.

డెంగీలో కౌంట్ పడిన ప్రతివారికీ ఇవి అక్కర్లేదన్నదీ గుర్తుంచుకోవాలి. రక్తస్రావం లేకుంటే సాధారణంగా 10 వేల లోపు పడితేనే డాక్టర్లు ఎక్కించే ఆలోచన చేస్తారు. చాలామందికి అసలు గండం రక్తనాళాల నుంచి నీరు కారిపోవడం. దానికి సెలైన్, కనిపెట్టి చూసుకోవడం ముఖ్యం.

ఈ 5 రోజుల గడువు రక్తదాన శిబిరాల లెక్కనూ మారుస్తుంది. మిలాదున్నబీ నాడో, మొహర్రం నాడో వందమంది ఒకేసారి ఇచ్చిన రక్తంలో ఎర్రకణాలు వచ్చే నెలకూ ఉంటాయి. ప్లేట్‌లెట్లు ఆ వారం దాటవు. పైగా వాటిని వేరుచేయాలంటే రక్తాన్ని చల్లార్చకుండా ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు బ్యాంకుకు చేర్చాలి. శిబిరం పెట్టేవాళ్లు ముందే బ్యాంకుతో ఈ సంగతి మాట్లాడుకోవాలి. మొహల్లాలో పిలవగానే వచ్చే పదిమంది దాతల పేర్లు, గ్రూపులు రాసిపెట్టుకుంటే ఇంకా మేలు. యంత్రం ద్వారా ఒక్క దాత నుంచి తీసే ప్లేట్‌లెట్లు నాలుగైదు మామూలు ప్యాకెట్లకు సాటి. కనీసం 48 గంటల ఎడంతో మళ్లీ ఇవ్వొచ్చు, వారానికి రెండుసార్లు, ఏడాదికి 24 సార్లు మించకుండా. దాత మూడు రోజులుగా ఆస్పిరిన్ మాత్ర వేసుకోకూడదు. దానానికి గంట, గంటన్నర పడుతుంది, ఖాళీ కడుపుతో కూర్చోకూడదు. రంజాన్‌లో రోజా ఉన్నవాళ్లు ఇఫ్తార్ తర్వాత తిని, నీళ్లు బాగా తాగి వెళ్లొచ్చు. రాత్రిపూట ఆ యంత్రం నడుపుతారో లేదో ముందుగా ఫోన్ చేసి కనుక్కోవాలి.