జ్వరం లేచిన పురుగే గూడు కడుతుంది

మా హిందూపురం వైపు పట్టుపురుగులు మేపే ఇళ్లలో 'పురుగులు జ్వరానికి కూర్చున్నాయి' అంటే ఎవరూ కంగారుపడరు. పురుగు పాత చర్మం విడిచే సమయాన్ని మేం అలాగే అంటాం. గుడ్డులోంచి వచ్చింది మొదలు గూడు కట్టేదాకా ఇరవై అయిదు రోజులు అటూ ఇటూగా ఉండే బతుకులో పురుగుకు నాలుగు జ్వరాలు వస్తాయి. మొదటి రెండూ పిల్లపురుగుల్ని మేపి ఇచ్చే చాకీ కేంద్రంలోనే అయిపోతాయి. రెండో జ్వరం లేచిన పిల్లపురుగుల్ని తెచ్చుకుని, మిగతా రెండింటినీ మా షెడ్డులో దాటిస్తాం. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ నా పని ఇదే. మనిషి బతుకులో వచ్చే కష్టమైన మార్పుల గురించి నాకు తెలిసింది చాలావరకు ఈ పని నేర్పిందే.

అప్పుడే పుట్టిన పురుగు బరువు అర మిల్లీగ్రాము. గూడు కట్టే ముందు నాలుగైదు గ్రాములు తూగుతుంది. అంటే నాలుగు వారాలు తిరగకుండానే దాదాపు 10,000 రెట్లు పెరుగుతుంది. అంత ఎదుగుదల ఒక్క చర్మంలో ఇమడదు. ఒంటి చర్మం కొంత సాగుతుంది కానీ తల మీది పెంకు అసలు సాగదు. పెరగాలంటే ఆగాలి, ఉన్నది వదలాలి. వదిలేది పైచర్మం ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. ఊపిరి గొట్టాల లోపలి పొర, పేగు ముందు భాగంలోని పొర కూడా దాంతోపాటే ఊడి వస్తాయి.

జ్వరానికి కూర్చోబోయే పురుగుకు ఆకు మీద ఆశ తగ్గుతుంది. ఒళ్లు బిగిసి నిగనిగలాడుతుంది. నోటి నుంచి సన్నని పట్టుపోగులు తీసి, పొట్ట కింది కాళ్లు వాటిలో చిక్కేలా తనను పడకకు కట్టేసుకుంటుంది. తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. వంగి చూస్తే పాత తల చిన్న నల్లటి ముక్కలా ముందుకు జారి ఉంటుంది. దాని వెనక కొత్త తల ఉబ్బెత్తుగా తెలుస్తుంది. సుమారు ఒక రోజు అంతే. నాలుగో జ్వరమైతే ఇంకాస్త ఎక్కువసేపు. చివరికి తల వెనక చర్మం చిట్లుతుంది. పురుగు మెల్లగా ముందుకు పాకుతుంది. పాత చర్మం ఆ పోగులకు అంటుకుని వెనకే ఉండిపోతుంది. కదలకుండా కట్టేసుకోబట్టే దానిలోంచి బయటపడగలిగిందన్నమాట.

చర్మం విడిచే ఈ పని నడిపించేది ఒంట్లోనే పుట్టే ఒక హార్మోను. 1954లో జర్మనీ శాస్త్రవేత్తలు బ్యూటెనాంట్, కార్ల్‌సన్ దాన్ని మొదటిసారి శుద్ధంగా వేరుచేశారు. అందుకు వాళ్లు వాడింది పట్టుపురుగు ప్యూపాలనే. 500 కిలోల ప్యూపాల నుంచి దొరికింది 25 మిల్లీగ్రాములు. దాని పేరు ఎక్డైసోన్. ఒంట్లో జువెనైల్ హార్మోను అనే మరొకటి నిండుగా ఉన్నంతకాలం, చర్మం విడిచిన పురుగు మళ్లీ పురుగుగానే, ఇంకా పెద్దదిగా లేస్తుంది. అది తగ్గిపోయాక వచ్చే మార్పులో పురుగు ప్యూపా అవుతుంది. చర్మం విడవడం ఎప్పుడూ ఒకలాంటిదే. దాని తర్వాత ఏమవుతుందన్నది ఒంట్లో అప్పటికి ఏముందో దాన్ని బట్టి ఉంటుంది.

జ్వరంలో ఉన్న పురుగుకు మనం చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. ఆకు వేయకూడదు. పడక తడిగా ఉండకూడదు కాబట్టి పొడి సున్నం చల్లుతాం. గాలి ఆడనిస్తాం. పురుగుల్ని చేత్తో కదపం. మా అత్తమ్మ నాకు నేర్పిన మొదటి మాట, "దాని పని అది చేసుకుంటాంది, నువ్వు గమ్మునుండు." నూటికి తొంభై అయిదు లేచేదాకా మేత ఆపాలి. ముందు లేచినవి ఆకలితో తల ఆడిస్తుంటే జాలేస్తుంది, నిజమే. కానీ వాటి కోసం ఆకేస్తే, ఇంకా చర్మం విడుస్తున్నవి ఆకు కింద చెమ్మలో చిక్కుతాయి. పంట ఎక్కువ తక్కువలైపోతుంది. పైగా అప్పుడే లేచిన పురుగు దవడలు మెత్తగా ఉంటాయి, గట్టిపడటానికి సమయం కావాలి. లేచినవాటి మీద శుద్ధి పొడి చల్లి, కాసేపాగి, లేత ఆకుతో మొదలుపెడతాం.

జ్వరానికి కూర్చోని పురుగులూ ఉంటాయి. పక్కవన్నీ తలెత్తి నిలబడితే ఇవి మాత్రం ఒళ్లు ఉబ్బి, పడక అంచుల మీద తిరుగుతుంటాయి. ముట్టుకుంటే చర్మం చిట్లి పాలలాంటి నీరు కారుతుంది. అది పాలరోగం. చూడగానే ఏరి అవతల వేయాలి. మారాల్సిన సమయంలో మారలేకపోవడం మా షెడ్డులో జబ్బుకు గుర్తు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. కష్టమంతా మేలుకే అనే మాటను నేను ఒప్పుకోను. షెడ్డులో వేడి ఎక్కువైనా, తడి ఆకు మేపినా, ఊజీ ఈగ వచ్చి పురుగు మీద గుడ్లు పెట్టినా పురుగు పడేది బాధే. దానివల్ల అది పెరగదు, చస్తుంది. జ్వరం వేరు. అది ఎదుగుదలలోనే ఉన్న కష్టం. దాన్ని దాటే బలం కూడా అంతకుముందు తిన్న ఆకు నుంచే వస్తుంది. సరిగా మేత అందని పురుగు ఆలస్యంగా కూర్చుంటుంది, ఆలస్యంగా లేస్తుంది. మనిషికైనా అంతే. ఒకరు కష్టంలో ఉన్నారంటే, అది ఎదుగుదల కష్టమా, ఈగ పెట్టిన కష్టమా అని ముందు చూడాలి. రెండోదైతే ఓర్చుకోమని చెప్పడం తప్పు. ఈగను తోలాలి.

2011 బడ్జెట్‌లో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించినప్పుడు గూళ్ల ధర పడిపోయింది. అది మాకు బయటి నుంచి వచ్చిన దెబ్బ. ఊళ్లో కొందరు మల్బరీ పీకేశారు. వాళ్లను తప్పుపట్టను. మేం మిగిలి, తరాలుగా మేపిన పసుపు గూళ్ల రకం వదిలి తెల్ల గూళ్ల బైవోల్టిన్ రకానికి మారాం. ఇంట్లో తట్టల్లో మేపడం మానేసి విడిగా షెడ్డు వేశాం, ఆకులు కోసి వేసే బదులు రెమ్మలే మేపడం నేర్చుకున్నాం. తెలిసిన పనిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఆదాయం సరిగా లేని ఆ కాలంలో మా ఆయన సాయంత్రాలు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. అత్తమ్మ ఆయన్ని ఏమీ అడగలేదు, వేళకు ముద్ద కలిపి ముందు పెట్టేది.

ఆ తర్వాత కొన్నేళ్లకు మా పెద్దమ్మాయి బెంగళూరులో ఉద్యోగం పోయి ఇంటికొచ్చింది. చుట్టాల ఫోన్లు మొదలయ్యాయి. ఒకరు బ్యాంకు పరీక్షలు రాయించమంటే, ఇంకొకరు సంబంధం చూడమన్నారు. అన్నీ మంచి కోరి చెప్పినవే. అత్తమ్మ ఒకటే మాట అంది, "పిల్లకి ఇంకా నోరు గట్టిపడలేదు. ఇప్పుడే ఆకెయ్యాకండి." మేం ఆగాం. పిల్ల కొన్నాళ్లు నిద్రపోయింది, కొన్నాళ్లు ఏడ్చింది. తర్వాత తనంతట తానే షెడ్డులోకి వచ్చి వేడి, తేమ కొలతలు నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టింది. ఆపైన మా ఖర్చుల లెక్కలు చూసింది. ఆ లెక్కల మీద ఇష్టం పుట్టి, వాటినే చదువుకుని, ఇప్పుడు హిందూపురంలో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తోంది. ఉద్యోగం పోవడమే మంచిదైంది అని నేననను. పోయాక దానికి దొరికిన ఆ వ్యవధి మాత్రం అవసరమైందే.

పురుగు రెక్కలు తొడుక్కుని ఎగిరిపోవడాన్ని మార్పుకు గుర్తుగా చెబుతుంటారు. మా పురుగులకు ఆ భాగ్యం లేదు. విత్తనానికి ఉంచినవి తప్ప మిగతా గూళ్లు దారం తీయడానికి వేడినీళ్లలోకి వెళతాయి. అందుకే నేను రెక్కల గురించి మాట్లాడను. నాకు తెలిసింది జ్వరం గురించే. నాలుగో జ్వరం లేచిన పురుగు, జీవితంలో తినే ఆకులో నూటికి ఎనభై వంతులకు పైగా ఆ తర్వాతి వారం రోజుల్లోనే తింటుంది. ఆ మేతతోనే కిలోమీటరు దాకా సాగే ఒకే దారం తీస్తుంది.

మీ ఇంట్లో ఎవరైనా అలా ఆగిపోయి ఉంటే, అది సోమరితనమని తొందరపడి అనకండి. తిండి, గాలి, మర్యాద తగ్గకుండా చూడండి. వాళ్లను పీడించే జబ్బేదైనా ఉంటే వైద్యుడికి చూపించండి. లేకుంటే వాళ్ల పని వాళ్లను చేసుకోనివ్వండి. ఆగిపోయింది మీరే అయితే, పాత తల ఊడేనాటికే దాని వెనక కొత్త తల ఏర్పడి ఉంటుందని గుర్తుంచుకోండి. లేచాక లేత ఆకుతో మొదలుపెట్టండి.