పోయిన కథలు ఎక్కడ దొరికాయి?

ఆదివారంనాడు ఆబిడ్స్‌లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి. ఆ మూసిన తలుపుల ముందే, ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల అంగళ్ళు వెలుస్తాయి. నాంపల్లి స్టేషన్‌లో దిగినవాళ్ళు స్టేషన్ రోడ్డు పట్టుకుని నడుచుకుంటూనే అక్కడికి పోవచ్చు. అసలు ఈ పేటకు ఆ పేరు వచ్చినదే ఒక అంగడి మూలంగా. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన ఇక్కడ దుకాణం నడిపాడు. దుకాణం పోయింది, పేరు మిగిలింది.

పరిచిన పట్టాల మీద ఇంజనీరింగు గైడ్లు, వంటల పుస్తకాలు, నవలలు అన్నీ కలగాపులగంగా పడి ఉంటాయి. "క్యా హోనా బేటా?" అని అంగడివాడు అడుగుతాడు. ఫలానా పుస్తకమే కావాలని వెళ్ళినవాడికి అది ఒకపట్టాన దొరకదు. ఏమీ అనుకోకుండా వెళ్ళినవాడికి సంచి నిండుతుంది.

ఈ రోజుల్లో కొందరు పిల్లలు "డాక్టర్ హూ" అనే కథలు చూస్తున్నారు. డాక్టర్ వేరే గ్రహంవాడు. నీలంరంగు పెట్టె వంటి యంత్రంలో ఎక్కి ఏ కాలానికైనా, ఏ లోకానికైనా పోగలడు. ఆ పెట్టె బయటికి చిన్నది, లోపల ఒక భవనమంత! ఈ కథలు మెచ్చిన పిల్లవాడికి ఆబిడ్స్ కుప్పలో అదే పేరుగల పాత పుస్తకం ఒకటి దొరికిందనుకోండి. అట్ట మీద పెట్టె అదే, కాని డాక్టర్ మాత్రం తెల్లజుట్టు ముసలాయన. "ఈ తాత ఎవరు?" అని పిల్లవాడు తెల్లబోతాడు.

ఈ తాతే మొదటి డాక్టర్. బి.బి.సి. వారు 1963 నవంబరు 23న మొదటి భాగాన్ని టెలివిజన్‌లో చూపించారు. దానికి దర్శకుడు వారిస్ హుస్సేన్, మన లక్నోలో పుట్టినవాడు. అప్పటికి ఆయనకు ఇరవైనాలుగేళ్ళు. ముసలి డాక్టర్ వేషం వేసిన విలియం హార్ట్‌నెల్ 1966లో ఆరోగ్యం బాగాలేక తప్పుకోవలసివచ్చింది. కథ ఆపటానికి ఎవరికీ మనసొప్పలేదు. అందుచేత డాక్టర్ కులం వారు చావు దగ్గరపడ్డప్పుడు కొత్త శరీరం ధరిస్తారని కల్పించారు. పరకాయప్రవేశం కథలు విన్న మనకిది కొత్త కాదు గాని, టెలివిజన్‌కు గొప్ప ఉపాయమే! ఆ ఒక్క ఉపాయంతో కథ 1989 దాకా నడిచింది. మధ్యలో ఆగి, 2005లో మళ్ళీ మొదలయింది.

కొత్త కథలు చూసినవాడికి పాతవి కూడా చూడాలని ఉండటం సహజం. అక్కడే చిక్కు వస్తుంది. 1960లనాటి భాగాల్లో తొంభైకి పైగా ఇప్పుడు చూద్దామన్నా లేవు. వాటిని బి.బి.సి. వారే చెరిపేశారు.

ఇది వింటే ఒళ్ళు మండుతుంది. కాని వాళ్ళ తరఫున కూడా కాస్త ఆలోచించాలి. ఆ రోజుల్లో వీడియో టేపు చాలా ఖరీదు. ఒక కార్యక్రమం అయిపోయాక టేపు మీది బొమ్మలు చెరిపి, మరొకదానికి వాడుకునేవారు. ఒకసారి చూపించినదాన్ని మళ్ళీ మళ్ళీ చూపించటానికి నటుల సంఘాలతో చేసుకున్న ఒప్పందాలు అడ్డు వచ్చేవి. ఇంటింటా జనం పాత కథలు తెప్పించుకుని చూస్తారని ఎవరూ కలగనలేదు. ఆ దశాబ్దంనాటి అసలు టేపుల్లో ఒక్కటైనా మిగలలేదు. ఇవాళ మిగిలినవాటిలో చాలావరకు ఇతర దేశాలకు అమ్మటానికి ఫిల్ము మీదికి ఎక్కించిన నకళ్ళే.

అటువంటి నకళ్ళు దేశదేశాల్లో పడి ఉండి, అప్పుడప్పుడు బయటపడ్డాయి. ఒక కథ మొత్తం, నాలుగు భాగాలూ, హాంగ్‌కాంగ్ నుంచి 1990ల మొదట్లో తిరిగివచ్చింది. నైజీరియాలో దొరికిన తొమ్మిది భాగాల సంగతి 2013లో లోకానికి తెలిసింది. ఆస్ట్రేలియాలో జరిగినది వింటే నవ్వు వస్తుంది. పిల్లలు జడుసుకుంటారని అక్కడి సెన్సారువారు భయంకరమైన దృశ్యాలను కత్తిరించి, ఆ ముక్కలను భద్రంగా దాచారు. అవి 1996లో దొరికాయి. కథలు పోయాయి గాని, పిల్లలు చూడకూడదన్న ముక్కలు మాత్రం దక్కాయి!

అన్నిటికన్నా మెచ్చుకోవలసినది ఆనాటి అభిమానులను. వాళ్ళలో చాలామంది బడి పిల్లలే. ఇంట్లో వీడియో యంత్రాలు లేని కాలమది. వాళ్ళు టెలివిజన్ పక్కన టేపురికార్డరు పెట్టి, మాటలూ సంగీతమూ పట్టుకునేవారు. మళ్ళీ వినాలన్న సరదా తప్ప వాళ్ళకు మరో ఉద్దేశం లేదు. ఆ సరదా మూలంగానే, బొమ్మ పోయిన ప్రతి భాగానికీ శబ్దం మిగిలింది.

"మార్కోపోలో" అనే కథను చూడండి. 1964లో ఏడు వారాలు నడిచింది. ఈ మార్కోపోలో కల్పిత పురుషుడు కాడు. కుబ్లయ్‌ఖాన్ కొలువులో ఉన్న వెనిస్ యాత్రికుడు. మన తెలుగుదేశం గురించీ, మోటుపల్లి రేవు గురించీ, కాకతి రుద్రమదేవి పాలన గురించీ రాసినవాడు. ఆయన దగ్గరికి డాక్టర్ వెళ్ళిన కథలో ఇవాళ ఒక్క భాగం కూడా కదిలే బొమ్మలుగా లేదు. అయితే జాన్ క్యూరా అనే ఫోటోగ్రాఫరు టెలివిజన్ తెర మీది బొమ్మలకు వరసగా ఫోటోలు తీసి అమ్ముతుండేవాడు. ఈ కథలో ఆరు భాగాలకు దర్శకుడు వారిస్ హుస్సేనే. ఆ ఆరింటి ఫోటోలూ ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి. పిల్లలు పట్టిన శబ్దం వింటూ ఆ ఫోటోలు ఒకటొకటే తిప్పితే, కథ చాలావరకు కళ్ళకు కడుతుంది.

ఇక రంగుల సంగతి. 1970లలో రంగుల్లో తీసిన కొన్ని భాగాలకు నలుపు-తెలుపు నకళ్ళే మిగిలాయి. రంగు పూర్తిగా పోయిందనుకున్నారు. కాని రంగును మోసే సంకేతం తెర మీద సన్నని చుక్కలుగా కనిపిస్తుంది. బొమ్మను ఫిల్ముకు ఎక్కించినప్పుడు ఆ చుక్కలు కూడా ఎక్కాయి. మామూలు కంటికి అవి మచ్చల్లాగా ఉంటాయి. కంప్యూటరుకు మాత్రం అవి అక్షరాలే. వాటిని చదివించి, ఏ చోట ఏ రంగు ఉండేదో రాబట్టారు. 1973నాటి ఒక భాగానికి ఈ విధంగా రంగులు తిరిగివచ్చాయి.

మరి ఆబిడ్స్‌లో దొరికిందనుకున్న పుస్తకం? వీడియోలు రాకముందు పాత కథ తెలుసుకోవాలంటే అటువంటి పుస్తకాలే గతి. 1973 నుంచి "టార్గెట్" అనే సంస్థ వాటిని చవుకగా అచ్చువేసింది. టెరెన్స్ డిక్స్ ఒక్కడే అరవైకి పైగా రాశాడు. ఆయన వాక్యాలు పొట్టివి, తేలికైనవి. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు చక్కగా పనికివస్తాయి.

పాత కథలు మొదలుపెట్టేవారికి ఒక మాట. 1963 నుంచి వరసగా చూడాలని పంతం పట్టవద్దు. ఆ కథల నడక నెమ్మది. గోడలు అట్టవని తెలిసిపోతుంది, రాక్షసుల లోపల మనుషులు ఉన్నారనీ తెలిసిపోతుంది. పేరు నచ్చిన కథ ఒకటి తీసుకుని, రోజుకొక భాగం చొప్పున చూడండి. ఆ రోజుల్లో పిల్లలు ఒక్కొక్క భాగానికి వారం రోజులు ఆగేవారు. "మార్కోపోలో" అయితే దీపం తగ్గించి వినండి. అందులో నాలుగవ భాగానికి దర్శకుడు వేరొకరు. వారిస్ హుస్సేన్ దాచిన ఫోటోలలో అది లేదు. దాని బొమ్మలు మీరే ఊహించుకోవాలి.