క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు: పిల్లల చేత తెలుగు చదివిద్దాం

ఒడిశాలో స్థిరపడ్డ మన తెలుగు క్రైస్తవ కుటుంబాలకు క్రిస్మస్ అంటే డిసెంబరు 25 ఒక్కరోజే కాదు. దానికి ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటారు. యేసు పుట్టుక కోసం ఇంటినీ మనసునూ సిద్ధం చేసుకునే రోజులవి. వాకిట్లో కాగితపు నక్షత్రం కట్టడానికీ, పశువుల పాక బొమ్మలు పేర్చడానికీ, కజ్జికాయలు ఒత్తడానికీ పిల్లలే ముందుంటారు. జనవరి 6న జ్ఞానుల రాకను తలచుకోవడంతో ఈ సందడి ముగుస్తుంది.

అయితే బడిలో ఒడియా, ఇంగ్లీషు చదివే పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చినా అక్షరం రాదు. చర్చిలో విని పాడతారు గాని పుస్తకం చూసి పాడలేరు. ఎన్నో తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతం వారే. ఆయన పాటలను ఇక్కడి పిల్లలే చదవలేకపోతే ఆ లోటు మనదే.

దీనికి ఇంట్లోనే ఉపాయం ఉంది. లూకా సువార్త 2వ అధ్యాయంలో మొదటి 20 వచనాలు యేసు జననం గురించినవి. ఆదివారానికి 5 చొప్పున చదివితే నాలుగు వారాల్లో పూర్తవుతాయి. అక్షరాలు వచ్చినవారు వేలు పెట్టి చదవాలి. రానివారు నాయనమ్మో తాతో చదువుతుంటే వెంట పలకాలి. ‘తొట్టి’, ‘కాపరి’, ‘దూత’ వంటి చిన్న మాటలను పలక మీద రాయించండి. 24వ తేదీ రాత్రి ఆ 20 వచనాలూ ఇంటిల్లిపాదీ వినేలా పిల్లల చేతనే చదివించండి.

కొత్త బట్టలు ఏటా కొనాలి. అక్షరం ఒకసారి వస్తే చాలు.