చేతిలోని అంగడి: ఉత్సాహము, మార్గము

గ్రామపెద్దలారా! మన పల్లెలనుండి చదువుకొఱకును, ఉద్యోగముకొఱకును హైదరాబాదు నగరమునకు వచ్చు యువకులలో పెక్కుమంది నగరమునకు తూర్పున నున్న దిల్‌సుఖ్‌నగరునందో, ఎల్.బి. నగరునందో బస యేర్పఱచుకొందురు. విజయవాడ రాజమార్గము ఈ పేటలమీదుగనే పోవుచున్నది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపులనుండి వచ్చువారికి మొదట ఎదురగు నగరభాగ మిదియే. 2018వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీనుండి అమీరుపేటకును ఎల్.బి. నగరునకును నడుమ మెట్రో రైలు నడచుచున్నది. దిల్‌సుఖ్‌నగరు స్టేషనునకును ఎల్.బి. నగరు స్టేషనునకును మధ్య చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అను రెండు స్టేషనులు మాత్రమే కలవు. ఈ కొలది దూరములో ఎన్ని హాస్టళ్లు, ఎన్ని కోచింగు తరగతులు, ఎన్ని టిఫిను బండ్లు, ఎన్ని జెరాక్సు దుకాణములు గలవో లెక్కించుట కష్టము. ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు చొప్పున మన బిడ్డలు కాలము గడపుచున్నారు.

ఆ బిడ్డలలో ఒకడు ఒకనాడు ఇంటికి ఫోను చేసి, “నాయనా, నేనిక పరీక్షలు వ్రాయను. ఆన్‌లైన్ వ్యాపారము పెట్టెదను. రెండు లక్షలు సర్దుము” అనును. తండ్రికి గుండె ఝల్లుమనును. అంగడి యెక్కడ? ఫోనులో. సరకెక్కడ? ఇంకను కొనలేదు. గిరాకి యెవరు? దేశమంతయు. ఈ మాటలు విని కొందఱు పెద్దలు కోపగించి ఫోను పెట్టివేయుదురు. కొందఱు పుత్రవాత్సల్యముచే ఎకరము కుదువపెట్టుదురు. రెండును తగవు. ఈ వ్యాపార మెట్టిదో, దానికి పూనుకొనువానికి ఏ గుణములు వలయునో, పెద్దలు అడుగవలసిన ప్రశ్న లేవో చెప్పుటయే నేటి ప్రసంగమున నా ఉద్దేశము.

మొదట యువకునియెడల న్యాయము పలుకవలయును. వాడు సోమరియై ఈ మాట అనుట లేదు. తెలంగాణమున గ్రూపు-1 పరీక్ష చరిత్ర చూడుడు. 2022వ సంవత్సరము ఏప్రిలులో 503 ఉద్యోగములకు ప్రకటన వెలువడెను. ఆ యక్టోబరులో ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రము లీకైనందున 2023 మార్చిలో రద్దయ్యెను. 2023 జూనులో మరల జరిగెను. అదియు న్యాయస్థానపు తీర్పుచే నిలువలేదు. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన వచ్చెను. ఒకే పరీక్షకు ఇన్నిమార్లు సిద్ధపడిన వానికి మనస్సు విఱుగుట వింత కాదు. నేను ముప్పదియేండ్లు బడిలో తెలుగు చెప్పి, విశ్రాంతి గొని ఎల్.బి. నగరున నివసించుచున్నాను. నాయొద్దకు వచ్చు పూర్వవిద్యార్థుల ముఖములలో ఈ అలసటను ప్రత్యక్షముగ చూచుచున్నాను.

ఇక ఆన్‌లైన్ వ్యాపారమన నేమి? గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు మీలో పెక్కుమందికి తెలియును. అది బాటసింగారమునకు తరలిపోవుటకు ముందు, మామిడికాయల లారీతో తెల్లవారుజామున అచ్చట నిలిచినవారు మీలో ఉందురు. కాయ రైతుది, కొనువాడు పరదేశి, నడుమ అడితిదారు స్థలమిచ్చి, బేరము కుదిర్చి, తన కమీషను తీసికొనును. ఇంటర్నెట్టునందలి విపణియు నట్టిదే. బెంగుళూరున 2007లో ఆరంభమై మొదట పుస్తకములు మాత్రమే అమ్మిన ఫ్లిప్‌కార్టు, 2013లో మన దేశమున అంగడి తెఱచిన అమెజాను, 2015లో పుట్టిన మీషో ఇట్టి అడితి కొట్లు. స్థలము వారిది, సరకు మన పిల్లవానిది. 2016లో యు.పి.ఐ. పద్ధతి వచ్చినది మొదలు పైకము చేతులు మాఱుటయు సులభమయ్యెను. అడితి కొట్టు పెద్దదైనంతమాత్రమున కాయ తెచ్చిన ప్రతివాడును ధనవంతుడు కాలేదు గదా! ఇచ్చటను అంతియే.

మన పెద్దలు ఏ కార్యమునకైనను ఇచ్ఛాశక్తి, జ్ఞానశక్తి, క్రియాశక్తి యని మూడు శక్తులు చెప్పిరి. నేటివారు మోటివేషను అనునది ఇచ్ఛ. డైరెక్షను అనునది జ్ఞానము. నిత్యము చేయు పని క్రియ. వీనిలో ఒకటి లోపించినను కార్యము కుంటుపడును.

ఇచ్ఛ మూడు విధముల పుట్టును. పరుని ఐశ్వర్యము చూచి పుట్టునది యొకటి. ఎవడో కారు ప్రక్కన నిలుచుండి, నెలకు లక్ష గడించితినని వీడియోలో చెప్పును. చూచినవాని రక్తము పొంగును. వారము తిరుగకమునుపే చల్లారును. ఇది గడ్డిమంట. రెండవది భయమువలన పుట్టునది. ఊరివారు ఏమందురో, వయస్సు మీఱుచున్నదే, అను తొందర. ఈ ఇచ్ఛ మనుష్యుని పరుగెత్తించును గాని యెటు పరుగెత్తవలయునో చెప్పదు. మూడవది ఇతరుని కష్టమును కన్నులార చూచి, దీనిని నేను తీర్పగలను అను తలంపువలన పుట్టునది. ఇది నిప్పుకణిక వంటిది. మంట చిన్నదైనను చాలకాలము నిలుచును. కావున పిల్లవాడు వ్యాపారమన్నప్పుడు, “ఎంత గడింతువు?” అని అడుగుటకు మున్ను “ఎవరి యిబ్బంది తీర్తువు?” అని యడుగుడు.

దీనికి దృష్టాంతముగా మన తెలుగువాడైన ఫణీంద్ర సామగారి వృత్తాంతము చెప్పెదను. ఆయన బెంగుళూరున ఇంజనీరు. 2005వ సంవత్సరము దీపావళికి ఇంటికి రాదలచి బస్సు టిక్కెట్టుకై ఎంతయో తిరిగెను, దొరకలేదు. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగ నున్నదో ఒకచోట తెలిసికొను వీలే లేదని ఆయన గ్రహించెను. 2006లో మిత్రులతో కలిసి రెడ్‌బస్ అను సంస్థను స్థాపించెను. మొదట వారు బస్సు యజమానులకు ఉపయోగపడు సాఫ్ట్‌వేరు చేసి యిచ్చుటకు తలపెట్టిరి. యజమానులు దానిని కోరలేదు. అంతట వారు పని మానక, దారి మార్చి, ప్రయాణికునకు నేరుగ టిక్కెట్టు అమ్మనారంభించిరి. 2013లో ఆ సంస్థను ఐబిబో వారు కొనిరి. 2018లో తెలంగాణ ప్రభుత్వము ఫణీంద్రగారిని ముఖ్య ఆవిష్కరణాధికారిగా నియమించెను. పండుగకు ఇల్లు చేరలేని కష్టము దిల్‌సుఖ్‌నగరు హాస్టళ్లలో ప్రతివానికిని తెలిసినదే. వేలమంది పడిన కష్టమునందు ఆయన తన పనిని కనుగొనెను. ఇందు మనము గమనింపవలసిన విశేషము మఱియొకటి కలదు. ఆయన కోరిక మాఱలేదు, మార్గము మాఱెను. ఇచ్ఛ స్థిరముగను, మార్గము మెత్తగను ఉండుట మేలు.

జ్ఞానమనగా తాను అమ్ము వస్తువును తానెఱుగుట. ఎల్.బి. నగరునుండి అదే రాజమార్గమున పోయి ప్రక్కకు తిరిగిన భూదాన్ పోచంపల్లి చేరుదుము. అచ్చటి ఇకత్తు నేతకు 2005లో భౌగోళిక సూచిక లభించెను. నూలును ముందుగ కట్టి రంగువేసి పిదప నేసిన చీరకును, పైన అచ్చువేసిన చీరకును గల భేద మెఱిగినవాడు ఆ సరకు అమ్ముటకు అర్హుడు. ఎఱుగనివాడు తానే మోసపోయి, పిదప ఇతరులను మోసపుచ్చినవాడగును.

నా పూర్వవిద్యార్థి యొకని సంగతి వినుడు. వాడు ఒక శిక్షణాలయమువారికి నలువదివేలు చెల్లించి, ఫోను తొడుగులు అమ్ముటకు పూనెను. అవే తొడుగులను వేలకొలది జనులు అమ్ముచుండిరి. ఆఱునెలలలో డబ్బు పోయెను. నాయొద్దకు వచ్చి కూర్చున్నప్పుడు, “నాయనా, నీకు ఇతరులకంటె ఎక్కువ తెలిసిన దేమి?” అని యడిగితిని. కొంతసేపు ఆలోచించి, “ఏ పరీక్షకు ఏ పుస్తకము పనికివచ్చునో, ఏది దండుగయో తెలియును సార్” అనెను. ఐదేండ్లు గదిలో చదివినందున కలిగిన జ్ఞాన మది. హాస్టలు ఖాళీచేసి పోవువారియొద్ద వాడు పాత పుస్తకములు కొని, పల్లెలలో నుండి చదువుకొనువారికి తపాలాలో పంపనారంభించెను. సిలబసు మాఱిన పుస్తకమైనచో, కొనవద్దని తానే చెప్పును. ఆ మాటవలననే జనులకు నమ్మకము కుదిరెను. నేడు వాడు లక్షాధికారి కాదు. గది అద్దె, భోజనము తన సంపాదనతో గడచుచున్నవి. ఇంటినుండి పైకము తెప్పించుకొనుట మానెను. నాకు అదియే పెద్ద విజయముగ తోచుచున్నది.

ఇక క్రియ. వ్యాపారమున క్రియకు ప్రాణము చిట్టా. ఒక లెక్క చెప్పెదను. అంకెలు దృష్టాంతమునకై నేను గైకొన్నవి. ఐదువందలకు కొన్న చీరను తొమ్మిదివందలకు అమ్మితిమనుకొనుడు. విపణివారి కమీషను 90, రవాణా 80, సంచి, కాగితము 20, ప్రకటన 100. అన్నియు పోగా మిగులునది 110 రూపాయలు. బాగున్నది. కాని పది చీరలు పంపగా మూడు తిరిగివచ్చెననుకొనుడు. ఒక్కొక్క దానికి పోవు రవాణా 80, వచ్చు రవాణా 80, సంచి 20, ప్రకటన 100, వెరసి 280 నష్టము. ఏడు చీరలమీద లాభము 770. మూడు చీరలమీద నష్టము 840. తొమ్మిదివేల సరకు పంపి డెబ్బది రూపాయలు చేతినుండి పోగొట్టుకొంటిమి! తిరిగివచ్చినది ఒక్క చీరయే యైనచో 710 రూపాయలు మిగిలియుండును. కావున “ఎంత అమ్మితివి?” అను ప్రశ్న కంటె “ఎంత తిరిగివచ్చెను?” అను ప్రశ్న ముఖ్యము. సరకు ఇల్లు చేరిన పిదప పైక మిచ్చు పద్ధతిలో, తలుపుకడనే వద్దని త్రిప్పిపంపువారు ఉందురు. చీర బొమ్మ ఉన్నదున్నట్లు చూపి, కొలతలు, రంగు సత్యముగ వ్రాసినచో తిరిగివచ్చుట తగ్గును. సత్యము పుణ్యము మాత్రమే కాదు, రవాణా ఖర్చునుగూడ మిగుల్చును.

చట్టపు సంగతి సంగ్రహముగ చెప్పెదను. 2017 జూలై 1వ తేదీనుండి జి.ఎస్.టి. అమలులో నున్నది. ఇట్టి విపణులద్వారా స్వరాష్ట్రములోనే సరకు అమ్ము చిన్న వర్తకులకు 2023 అక్టోబరు 1వ తేదీనుండి కొంత సడలింపు కలిగెను. చిన్న పరిశ్రమలకు 2020 జూలైనుండి ఉద్యమ్ నమోదు కలదు. పచ్చళ్లు, పిండివంటలు అమ్మువారు ఆహారభద్రతాశాఖవారి నమోదు పొందవలయును. 2015లో ఏర్పడిన ముద్రా పథకమున ‘శిశు’ అను తరగతిలో ఏబదివేల రూపాయలవఱకు తాకట్టు లేని ఋణము కలదు. ఇట్టి త్రోవ యుండగా పొలము కుదువపెట్ట నవసరము లేదు. వ్యాపారమని పిలిచి, ముందు పైకము కట్టించుకొని, మొదట కొంత లాభము చూపి, తరువాత పెద్దమొత్తము లాగుకొను దొంగలును గలరు. అట్టి మోసము జరిగినచో క్షణమాలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలయును.

విఘ్నభయముచే పని మొదలుపెట్టనివారు అధములు, నడుమ విడుచువారు మధ్యములు, విడువనివారు ఉత్తములని భర్తృహరి మనుష్యులను మూడు తెగలుగ విభజించెను. ఈ మాటను వ్యాపారమున కన్వయించునప్పుడు జాగ్రత్త వలయును. పట్టుదలకును మొండితనమునకును భేదము చెప్పునది చిట్టా యొక్కటే. నెలనెలకు నష్టము తగ్గుచున్నచో విడువకుండుట ధైర్యము. నష్టము పెరుగుచుండగా అప్పు తెచ్చి నిలుపుట ధైర్యము కాదు. ఆ మార్గము విడిచినవాడు కార్యము విడిచినవాడు కాడు. రెడ్‌బస్ వారు చేసినది అదియే గదా!

కాబట్టి పెద్దలారా! మీ బిడ్డ ఈ కోరికతో వచ్చినప్పుడు పరిహసింపకుడు. ఎవరి యిబ్బంది తీర్తువు, నీకేమి యెక్కువ తెలియును, నీ లెక్క నెలకొకమారు నాకు చూపుదువా, అని మూడు ప్రశ్నలడుగుడు. ఉత్తరము నిలకడగ వచ్చినచో, పోయినను ఇల్లు కదలనంత పైకము మాత్రమే యిండు. ఒక యేడు గడువు పెట్టుడు. ఆ యేడాదిలో “ఉద్యోగమెప్పుడు?” అని పండుగకు వచ్చినవానిని పదిమందిలో నిలదీయకుడు. గడువు తీరిన పిదప ఇద్దఱును చిట్టా ముందు పెట్టుకొని కూర్చుండుడు. వ్యాపారము నిలిచినచో సంతోషము. నిలువనిచో వాడు లెక్క నేర్చి, మనుష్యుల నెఱిగి, అప్పులేక యింటికి వచ్చును. అట్టివానికి రెండవ పని వెదకుట కష్టము కాదు.