ఈ20 పెట్రోలుతో పాత కారు ఇంజన్ పాడవుతుందా?

సంఘం ఆఫీసుకు వచ్చే పెద్దలు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. మనలో చాలామంది ఇళ్లలో పది పన్నెండేళ్ల నాటి కారే ఉంది. ఆసుపత్రికైనా, అటువైపు బంధువుల పెళ్లికైనా అదే దిక్కు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ఈ20 అంటే లీటరులో ఐదో వంతు ఇథనాల్. చెరకు, బియ్యం, మొక్కజొన్నల నుంచి తీసే స్పిరిట్ అది. 2022లో పది శాతం కలిపే స్థాయికి వచ్చారు. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఈ20 అమ్మకం ప్రారంభించారు. 2030కి అనుకున్న ఇరవై శాతం 2025కే చేరిపోయింది. కర్ణాటక, మహారాష్ట్రల్లో చెరకు వేసే మనవాళ్లూ ఉన్నారు కనుక ఇథనాల్‌ను ఊరికే తిట్టిపోయడం మాకిష్టం లేదు. అలాగని ఇబ్బందే లేదనడమూ సరికాదు.

ముందు మైలేజీ. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. పాత రకం కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లోనే అంచనా వేసింది. అంటే 15 కిలోమీటర్లు ఇచ్చే బండి 14 ఇస్తుంది. బంకు కుర్రాడితో కొలత తక్కువని పోట్లాడే ముందు ఈ లెక్క చూసుకోండి.

ఇక ఇంజన్. అది ఒక్క రోజులో కరిగిపోయేది కాదు. దెబ్బ తగిలేది ముందు రబ్బరు పైపులకు, సీళ్లకు, గాస్కెట్లకు. పాత రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బుతుంది, తర్వాత పగులుతుంది. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డి కూడా కదిలి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. పాత వాహనాల్లో ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని, ఖర్చు పెద్దగా ఉండదని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది.

మేము ఎక్కువ జాగ్రత్త చెప్పేది బండిని నిలిపి ఉంచేవారికి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. నీరు మోతాదు మించితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పంపు లాగేది ఆ అడుగు నుంచే. ట్యాంకు తుప్పు పట్టేదీ అక్కడే. యానాం, బరంపురం లాంటి తేమ ఊళ్లలో కారు పెట్టి రెండు మూడు నెలలు పిల్లల దగ్గరికి వెళ్లేవారు, వారానికోసారి ఎవరిచేతనైనా నాలుగైదు కిలోమీటర్లు తిప్పించండి.

ఇంజెక్షన్ బండి ఇంధనాన్ని కొంతవరకు తానే సర్దుకుంటుంది. కార్బురేటర్ ఉన్న పాత స్కూటరుకు ఆ తెలివి లేదు. పొద్దున స్టార్ట్ కాదు, ఇంజన్ వేడెక్కుతుంది. దాన్ని మెకానిక్‌చేత ట్యూన్ చేయించాలి.

2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకు చాలావరకు భయం లేదు. అంతకు ముందువైతే మాన్యువల్‌లో ఏముందో పిల్లలచేత చదివించుకోండి, కంపెనీ సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి. ఈ భయం చూపించి ఎవరైనా కారును సగం ధరకు అడిగితే మాత్రం అమ్మకండి, ముందు పైపులు, ఫిల్టరు చూపించండి. షెడ్డులో పెట్రోలు వాసన వస్తే ఆ రోజు బండి తీయవద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలవండి.